ముసలి గొంతుల కొత్త రికార్డులు



పోయిన నెల ఒక అమ్మాయి నాకు మెయిల్ రాసింది. డిగ్రీ చదువుతోందట. "అంకుల్, కొత్త ఆల్బమ్స్ గురించి చెప్తానంటారు, తీరా చూస్తే అందరూ మా తాతయ్య వయసు వాళ్ళే. కొత్తగా పాడేవాళ్ళు ఎవరూ లేరా?" అని. న్యాయమైన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పి, తర్వాత ఎలాగూ ముసలివాళ్ళ దగ్గరికే వెళ్తాను. కోప్పడకమ్మా.

కొత్తవాళ్ళవీ వింటున్నాను. 2024 మేలో బిల్లీ ఐలిష్ 'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్' వచ్చింది. పది పాటలు, ముక్కాలు గంట కూడా లేదు. ముందుగా ఒక్క పాటనీ సింగిల్‌గా వదల్లేదు, మొత్తం ఒక్కసారి కూర్చుని వినండి అంది. నాకు చాలా నచ్చింది. అదే ఏడాది ఏప్రిల్లో టేలర్ స్విఫ్ట్ 'ద టార్చర్డ్ పొయెట్స్ డిపార్ట్‌మెంట్' వచ్చింది. పదహారు పాటలు విని హమ్మయ్య అనుకునేలోపు, రెండు గంటల తర్వాత ఇంకో పదిహేను దించింది. మొత్తం ముప్ఫై ఒకటి. పెళ్ళి భోజనంలో వద్దన్నా వడ్డించినట్టు. అందులో పది పాటలు మంచివి ఉన్నాయి, ఏరుకోవాల్సిన పని మాత్రం మనదే అయింది.

సరే. అసలు విషయం. ఈ రెండు మూడేళ్ళలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసిన రికార్డులు మూడూ ముసలివాళ్ళవే. రోలింగ్ స్టోన్స్ 'హ్యాక్నీ డైమండ్స్', బీటిల్స్ 'నౌ అండ్ దెన్', ద క్యూర్ 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్'. రెండోది ఆల్బమ్ కాదు, ఒక్క పాటే. కానీ దాన్ని వదిలేసి ఈ కథ చెప్పలేను.

వీటి గురించి మాట్లాడాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. రాక్ సంగీతం పుట్టింది కుర్రాళ్ళ కోసం. కుర్రాళ్ళ కోసం మాత్రమే. 1965లో 'మై జనరేషన్' రాసినప్పుడు ద హూ బ్యాండు పీట్ టౌన్‌షెండ్‌కి ఇరవై ఏళ్ళు. ముసలితనం రాకముందే పోవాలన్న కోరిక ఆ పాటలో ఉంది. అప్పట్లో అది ఊరికే పొగరుగా తోచి ఉంటుంది. కానీ నాలుగైదేళ్ళలో నిజంగానే పోవడం మొదలుపెట్టారు. 1969 జులైలో బ్రయాన్ జోన్స్, 1970 సెప్టెంబర్లో జిమీ హెండ్రిక్స్, అక్టోబర్లో జానిస్ జాప్లిన్, 1971 జులైలో జిమ్ మోరిసన్. నలుగురికీ ఇరవై ఏడే. హూ బ్యాండులో డ్రమ్స్ వాయించే కీత్ మూన్ 1978లో ముప్ఫై రెండేళ్ళకి పోయాడు. ఆ పాట రాసిన టౌన్‌షెండ్ మాత్రం బతికాడు. 2019లో, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, 'హూ' అనే కొత్త ఆల్బమ్ వేశాడు. తను రాసిన మాటకి తనే యాభై ఏళ్ళుగా సమాధానం చెప్పుకుంటూ వస్తున్నాడు పాపం.

మనకి ఈ ఇబ్బంది ఎప్పుడూ లేదు. మన సంగీతంలో వయసు పెరిగితే గౌరవం పెరుగుతుంది. గొంతు జీరబోయినా "ఆయన పాడుతున్నారు, చాలు" అని కూర్చుంటాం. ఘంటసాల గారి భగవద్గీత తీసుకోండి. ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతిన్న రోజుల్లో పాడింది అది. 1974 ఫిబ్రవరి 11న, యాభై ఒక్క ఏళ్ళకే వెళ్ళిపోయారు. ఆ రికార్డు బయటికొచ్చి ఇంటింటా మోగేసరికి మనిషి లేరు. అయినా ఎవరూ "అయ్యో, గొంతు ముందులా లేదే" అనలేదు. పైగా ఆ నిదానంలోనే ఏదో ఉందని విన్నారు. అది చావు ఇళ్ళలో మోగే పాట ఎలా అయిందన్నది వేరే కథ, ఇంకో ఎపిసోడ్‌లో చెప్తాను.

పాశ్చాత్య పాప్ లోకానికి ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. నా దృష్టిలో తెలియజెప్పినవాడు జానీ క్యాష్. 1986లో ఆయన్ని సొంత కంపెనీ వాళ్ళే వదిలించుకున్నారు, ముసలివాడైపోయాడు, అమ్ముడుపోడు అని. 1993లో రిక్ రూబిన్ అనే ప్రొడ్యూసర్ ఆయన్ని ఒక గిటార్‌తో కూర్చోబెట్టి, ఇంకేమీ తోడు పెట్టకుండా పాడించాడు. అంతవరకు ముసలి గొంతుని ఆర్కెస్ట్రా వెనక దాచేవాళ్ళు. రూబిన్ దాన్ని ముందుకి తెచ్చి పెట్టాడు. 2002లో 'హర్ట్' వచ్చింది. అది నైన్ ఇంచ్ నెయిల్స్ వాళ్ళ ట్రెంట్ రెజ్నర్ తన ఇరవైల్లో రాసుకున్న పాట. డెబ్బై దాటిన క్యాష్ పాడేసరికి అర్థం మొత్తం మారిపోయింది. కుర్రాడు పాడినప్పుడు బెంగ, ముసలాయన పాడినప్పుడు లెక్క అప్పజెప్పడం. వీడియోలో ఆయన భార్య జూన్ మెట్ల మీద నిలబడి చూస్తూ ఉంటుంది. 2003 మేలో ఆవిడ పోయింది, సెప్టెంబర్లో ఆయన.

ఆ తర్వాత దారి పడింది. 2016 జనవరి 8న, తన అరవై తొమ్మిదో పుట్టినరోజున, డేవిడ్ బోవీ 'బ్లాక్‌స్టార్' వదిలాడు. రెండు రోజులకి చనిపోయాడు. అదే ఏడాది అక్టోబర్లో లెనార్డ్ కోహెన్ 'యూ వాంట్ ఇట్ డార్కర్'. ఒళ్ళు సహకరించక ఇంట్లోనే కుర్చీలో కూర్చుని పాడితే కొడుకు ఆడమ్ రికార్డు చేశాడు. మూడు వారాలు కూడా గడవలేదు, కోహెన్ వెళ్ళిపోయాడు. ఈ రెండిటి గురించి పాత ఎపిసోడ్‌లు ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఆగను.

ఇప్పుడు స్టోన్స్. 'హ్యాక్నీ డైమండ్స్' 2023 అక్టోబర్ 20న వచ్చింది. సొంత పాటలతో వాళ్ళు ఆల్బమ్ వేసి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. మిక్ జాగర్‌కి ఎనభై, కీత్ రిచర్డ్స్‌కి డెబ్బై తొమ్మిది. పేరు చూసి వజ్రాలు అనుకోకండి. దుకాణం అద్దం పగలగొట్టి దొంగతనం చేస్తే రోడ్డు మీద పడి మెరుస్తుందే గాజు పెంకు, దానికి లండన్ వాళ్ళ వాడుక మాట అది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. సగం ఆల్బమ్ అతిగా తోమిన ఇత్తడి చెంబులా ఉంది. ప్రొడ్యూసర్ ఆండ్రూ వాట్ కుర్రవాడు, ప్రతి శబ్దాన్నీ తళతళలాడించాడు. జాగర్ గొంతు ముప్ఫై ఏళ్ళవాడిలా ఉంది. చాలామందికి అదే గొప్పగా అనిపించింది. నాకు అదే వెలితి. ఎనభై ఏళ్ళు ఎక్కడ దాచావయ్యా అని అడగాలనిపించింది. క్యాష్ దగ్గర నేర్చుకున్న పాఠాన్ని వీళ్ళు పట్టించుకోలేదు.

అయితే రెండు చోట్ల నేను ఓడిపోయాను. ఒకటి, 2021 ఆగస్టులో చనిపోయిన వాళ్ళ డ్రమ్మర్ చార్లీ వాట్స్ వాయించిన రెండు పాటలు. అందులో 'లివ్ బై ద స్వోర్డ్'లో పాత బాస్ ప్లేయర్ బిల్ వైమన్ కూడా ఉన్నాడు. ఎప్పుడో తొంభైల్లో బ్యాండు వదిలేసిన మనిషి. మిగతా పాటల్లో స్టీవ్ జోర్డన్ బాగా వాయించాడు, తప్పు పట్టడానికి లేదు. కానీ చార్లీ రాగానే తెలిసిపోతుంది. దెబ్బ ఒక్క వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. తొందరేముందిలే అన్నట్టు.

రెండోది ఆఖరి పాట. 1961లో డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్లో ఇద్దరు కుర్రాళ్ళు కలుసుకున్నారు. ఒకడి చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులున్నాయి. అవి చూసి రెండోవాడు మాట కలిపాడు. జాగర్, రిచర్డ్స్. మడ్డీ వాటర్స్ 1950లో పాడిన పాట నుంచే తర్వాత బ్యాండుకి పేరు పెట్టుకున్నారు. ఆ పాటని అరవై ఏళ్ళుగా ఏ ఆల్బమ్ లోనూ వేయలేదు. ఇందులో వేశారు. ఒక గిటార్, ఒక గొంతు, ఒక మౌత్ ఆర్గాన్, అంతే. లేడీ గాగా లేదు, ఎల్టన్ జాన్ లేడు, తళతళ లేదు. ఇద్దరే. ఆ మూడు నిమిషాల కోసం మిగతా పదకొండు పాటలూ క్షమించేశాను.

బీటిల్స్ దగ్గరికి వద్దాం. ఇక్కడే నాకు అసలు పేచీ.

జాన్ లెనన్ డెబ్బైల చివర్లో న్యూయార్క్‌లో తన ఇంట్లో పియానో దగ్గర కూర్చుని క్యాసెట్లో కొన్ని పాటలు పాడుకున్నాడు. 1980 డిసెంబర్ 8న ఆయన్ని కాల్చి చంపారు. 1994లో యోకో ఓనో ఆ క్యాసెట్లు పాల్ మెకార్ట్నీకి ఇచ్చింది. మిగిలిన ముగ్గురూ కూర్చుని రెండు పాటలు పూర్తి చేశారు, 'ఫ్రీ యాజ్ ఎ బర్డ్', 'రియల్ లవ్'. మూడోది కుదరలేదు. పియానో మోత గొంతుని మింగేసింది, పైగా కరెంటు గుయ్యిమనే శబ్దం. వదిలేశారు. 2001 నవంబర్లో జార్జ్ హారిసన్ కూడా పోయాడు.

2021లో పీటర్ జాక్సన్ 'గెట్ బ్యాక్' అనే పొడవాటి డాక్యుమెంటరీ తీశాడు. దానికోసం ఆయన బృందం ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేసుకుంది. ఒకే టేపులో కలిసిపోయిన గొంతుని, గిటార్‌ని, డ్రమ్స్‌ని విడదీస్తుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. అదే పద్ధతిలో లెనన్ గొంతుని ఆ క్యాసెట్లోంచి బయటికి తీశారు. జార్జ్ 1995లో వాయించి ఉంచిన గిటార్ కలిపారు. ఎనభై దాటిన పాల్, రింగో తమ వంతు చేశారు. 2023 నవంబర్ 2న పాట విడుదలైంది. బ్రిటన్లో నంబర్ వన్ అయింది. వాళ్ళకి అంతకుముందు నంబర్ వన్ 1969లో, అంటే యాభై నాలుగేళ్ళ కింద.

ఆ ఏడాది జూన్‌లో పాల్ ఒక ఇంటర్వ్యూలో ఏఐ సాయంతో బీటిల్స్ ఆఖరి పాట పూర్తి చేశామని అన్నాడు. అంతే, లెనన్ గొంతుని కంప్యూటర్ పుట్టించిందని గగ్గోలు. అది నిజం కాదు. ఆ గొంతు లెనన్‌దే, ఆయన పాడిందే. శుభ్రం చేశారు, సృష్టించలేదు. ఈ తేడా ముఖ్యం, దయచేసి గుర్తుంచుకోండి, కాసేపట్లో నాకు పని ఉంది దీంతో.

పాట ఎలా ఉంది? గొంతు ఒంటరిగా మొదలైన మొదటి అర నిమిషం ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత వయొలిన్లు వచ్చి మీద పడ్డాయి. ఇంకో కంప్లయింటు. లెనన్ అసలు క్యాసెట్లో పల్లవి ముందు ఒక చిన్న ముక్క ఉంది, పూర్తికాని ముక్క. తడబడుతూ, మాటలు వెతుక్కుంటూ పాడతాడు. కొత్తదాంట్లో దాన్ని తీసేశారు. నాకు మొత్తం పాటలో ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది. పూర్తికానిది పూర్తికానట్టే ఉంచితే ఏం పోయేది? చనిపోయినవాడు అడ్డు చెప్పలేడు. బతికున్నవాడు సర్దేశాడు.

ఇది వాళ్ళ ఊరి గొడవ మాత్రమే అనుకోకండి. 2024లో ఏఆర్ రెహమాన్ 'లాల్ సలామ్' సినిమాలో బంబా బాక్యా, షాహుల్ హమీద్ అనే ఇద్దరు చనిపోయిన గాయకుల గొంతుల్ని ఏఐతో పుట్టించి పాడించారు. కుటుంబాల్ని అడిగి, డబ్బిచ్చి చేశామన్నారు. అదే ఏడాది మన బాలుగారి అబ్బాయి చరణ్ ఒక తెలుగు సినిమా వాళ్ళకి లీగల్ నోటీసు పంపారు, నాన్నగారి గొంతుని అనుమతి లేకుండా అలా వాడారని. బాలుగారు 2020 సెప్టెంబర్ 25న పోయారు. నాలుగేళ్ళు కూడా కాలేదు, గొంతు మీద తగువు కోర్టు మెట్ల దాకా వచ్చింది. వేల పాటలు పాడి పెట్టి వెళ్ళిన మనిషి. ఉన్నవి విన్నామా అంటే, వినలేదు. కొత్తవి కావాలి.

మూడో రికార్డు. దీని గురించి మామూలుగా మాట్లాడలేను, ఎందుకో చెప్తాను.

ద క్యూర్ బ్యాండుని నాకు పరిచయం చేసింది మా అన్నయ్య. బొంబాయిలో ఉద్యోగం చేసేవాడు. 'డిస్‌ఇంటిగ్రేషన్' వచ్చిన ఏడాది, అంటే 1989లో, దసరా సెలవులకి వస్తూ ఎవరి దగ్గరో కాపీ చేయించిన టీడీకే 90 క్యాసెట్ తెచ్చాడు. పాటల పేర్లు బాల్‌పెన్నుతో రాసి ఉన్నాయి, రెండు స్పెల్లింగులు తప్పు. "ఒరేయ్, ఇది రాత్రి లైటార్పి వినాలి" అన్నాడు. విన్నాను. ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. వాడు ఎందుకు ఏడుస్తున్నాడో తెలియదు కానీ ఏడుస్తున్నాడని తెలిసింది.

'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' 2024 నవంబర్ 1న వచ్చింది. ముందుదానికీ దీనికీ పదహారేళ్ళ ఎడం. రాబర్ట్ స్మిత్‌కి అరవై అయిదు. ఎనిమిదే పాటలు. ఈ మధ్యలో అతను అమ్మని, నాన్నని, అన్నయ్య రిచర్డ్‌ని పోగొట్టుకున్నాడు. ఆరో పాట, 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై', ఆ అన్నయ్య గురించే. 2022 టూర్‌లోనే స్టేజి మీద పాడటం మొదలుపెట్టాడు. అంటే రికార్డుగా రావడానికి ముందే రెండేళ్ళు జనం ముందు పాడుకుంటూ తిరిగాడు. పక్కన ఒక మాట: ఆ తర్వాతి ఏడాది అమెరికా టూర్‌లో టిక్కెట్ల కంపెనీ వేసిన ఫీజులు మరీ ఎక్కువని బహిరంగంగా గొడవపడి, జనానికి టిక్కెట్టుకి అయిదు, పది డాలర్లు వెనక్కి ఇప్పించాడు. నాకు మనిషి కూడా నచ్చాడు.

ఈ ఆల్బమ్‌లో నాకు నచ్చింది ఓపిక. మొదటి పాట 'అలోన్'లో గొంతు వినపడటానికి మూడు నిమిషాలు పైన పడుతుంది. ఆఖరిది 'ఎండ్‌సాంగ్' పది నిమిషాల పాట, అందులో ఆరు నిమిషాలు దాటాక గాని అతను నోరు తెరవడు. ఈ కాలంలో పాట పదిహేను సెకన్లలో పట్టుకోకపోతే వేలు కిందికి జరుపుతారు. ఆ సంగతి తెలిసీ చేశాడు. స్టోన్స్ వయసుని దాచారు, ఇతను దాన్ని గుమ్మంలోనే కూర్చోబెట్టాడు. విడుదల రోజు లండన్లో ట్రాక్సీ హాల్లో ఆల్బమ్ మొత్తం వాయించి, పాత పాటలతో కలిపి మూడు గంటలు ఆడారు. యూట్యూబ్‌లో వచ్చింది. మనకి అర్ధరాత్రి దాటాక. లైటార్పి చూశాను.

మా అన్నయ్య దానికి ఏడు నెలల ముందు చనిపోయాడు. గుండెపోటు.

ఆరో పాట వచ్చినప్పుడు ఏమైందో చెప్పను. ఏమవుతుందో మీకు తెలుసు. విమర్శకుడిగా చెప్పాల్సింది ఒకటే. ఆ పాటలో పియానో వాక్యం చాలా మామూలుది, నాలుగైదు స్వరాలు, తిరిగి తిరిగి అదే వస్తుంది. మాటలు కూడా గొప్ప కవిత్వం కాదు. ఇంకొకరు పాడి ఉంటే సాధారణమైన పాట అనేవాణ్ణి. ఇప్పటికీ అది మంచి పాటో కాదో నాకు తేల్చడం రావట్లేదు. అందుకే పోయినసారి ఈ ఆల్బమ్‌కి మార్కులు ఇవ్వలేదు. అడిగినవాళ్ళకి ఇదే కారణం.

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న తేడా. పోయిన ఫిబ్రవరిలో అన్నయ్య కూతురి పెళ్ళి. వాళ్ళబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడు. జనవరిలో నా దగ్గరికి వచ్చి, "బాబాయ్, నాన్న వాయిస్ మెసేజీలు నా ఫోన్లో నలభై దాకా ఉన్నాయి. వాటితో నాన్న గొంతు తయారు చేయొచ్చు. పెళ్ళిలో చెల్లిని దీవిస్తున్నట్టు పెడదాం, అమ్మకి సర్‌ప్రైజ్" అన్నాడు. వాడి కళ్ళు చూస్తే వద్దనడానికి నోరు రాలేదు. అయినా వద్దన్నాను. అరగంట లెనన్ గురించి, బాలుగారి గురించి చెప్పాను. నాన్న అనని మాట నాన్న గొంతుతో అనిపించొద్దురా, కావాలంటే ఉన్నవాటిలో ఒకటి తీసుకుని శుభ్రం చెయ్యి, అది తప్పు కాదు అన్నాను. వాడు మొహం మాడ్చుకున్నాడు, కానీ చేశాడు.

ఒక మెసేజ్ దొరికింది. అన్నయ్య కూతురికే పెట్టింది. వచ్చేటప్పుడు జాగ్రత్త, రాత్రి బస్సు ఎక్కొద్దు, పొద్దున్న బస్సుకి రా, అమ్మ నీకోసం గోంగూర పచ్చడి చేస్తోంది. అంతే. పద్దెనిమిది సెకన్లు. వెనక వంటింట్లో మిక్సీ మోత, దాంట్లో సగం మాటలు మునిగిపోయాయి. వీడు ఏదో సాఫ్ట్‌వేర్‌తో ఆ మోత తీసేశాడు. అన్నయ్య గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టు వచ్చింది. నాకు చాలా బాగుందనిపించింది. పెళ్ళికి రెండు రోజుల ముందు వదినకి వినిపించాం.

వదిన రెండుసార్లు వింది. ఏడవలేదు. "మిక్సీ ఏదిరా?" అంది.

తీసేశానమ్మా, క్లియర్‌గా ఉంటుందని, అన్నాడు వీడు.

"వెనకాల ఉన్నది నేను కదా. నన్నెందుకు తీసేశావు?" అంది.

పెళ్ళిలో ఏదీ పెట్టలేదు. మోత ఉన్న పాత మెసేజ్ వదిన తన ఫోన్లోకి పంపించుకుంది.

'నౌ అండ్ దెన్' మీద నా అభిప్రాయం అప్పట్నుంచి కొంచెం కదిలింది. వయొలిన్లు, తీసేసిన ముక్క, అవి అలాగే ఉన్నాయి నా ఫిర్యాదుల్లో. కానీ శుభ్రం చేయడం తప్పు కాదు అని ఇందాక అంత ధీమాగా అన్నానే, ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను. లెనన్ ఇంట్లో ఆ గుయ్యిమన్న శబ్దం ఎవరిదో, ఆ గదిలో ఇంకెవరున్నారో. పాత క్యాసెట్ కాపీ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి, మీకేమనిపించిందో రాయండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ డిగ్రీ అమ్మాయి కోసం ముప్ఫై ఏళ్ళలోపు వాళ్ళ ఆల్బమ్స్ మాత్రమే. ఒట్టు. ఉంటాను, నమస్కారం.